పై తోట, కింది తోట

జూన్ 9

అర్ధమొగుడు గారికి,

ఆడపడుచు అర్ధమొగుడన్న సామెత నేను పుట్టించింది కాదు, కోప్పడకు. అసలు మొగుడుగారు నీ మంచం మీద, నీ దిండ్లన్నీ కాలి కింద పెట్టుకుని, ‘టీ ఏమైంది’ అంటున్నారు. మిరియాల తీగ చెట్టుకి కడుతూ నిచ్చెన మీంచి పడ్డ మనిషి, ఆపరేషనై కట్టు కట్టాక కూడా ‘ఆ తీగ సగమే కట్టాను’ అని బాధపడుతున్నారు. తుంటికి మేకులు వేశారన్న బాధ లేదు.

నీ ఫ్లాట్ అద్దంలా ఉంది. అదే నా కష్టం. ఏ డబ్బా ముట్టుకున్నా నా వేలిముద్ర కనిపిస్తుంది. కిటికీలోంచి చూస్తే నీళ్ళ ట్యాంకులు, వాటి వెనక ఇంకా నీళ్ళ ట్యాంకులు. కాలుగాలిన పిల్లిలా హాలు నుంచి వంటింటికి, వంటింటి నుంచి హాలుకి తిరుగుతున్నాను. కింది అంతస్తు ఆవిడ వచ్చి, ‘మీ ఇంట్లో ఎవరైనా వ్యాయామం చేస్తున్నారా’ అని అడిగిపోయింది. కసరత్తులు చేయించేవాళ్ళు మూడు నాలుగు నెలలు ఆసుపత్రికి దగ్గరగానే ఉండాలన్నారు. ఇల్లు మార్చుకుందామన్నది నీ ఆలోచనే. నువ్వు రిటైరయ్యావు గనక సరిపోయింది గాని, లేకపోతే ఆ తోటని ఎవరి మీద వదిలేదాన్ని?

ఆ లోయలో ఫోను పలకదు కాబట్టి అన్నీ రాస్తున్నాను. పండిన కోకో కాయని చేత్తో మెలితిప్పకు, కత్తితో కాడ కోయి. అదే చోట మళ్ళీ పూత రావాలి. పునుగుపిల్లి వస్తే రానీ, తిన్నంత తిని గింజ పారేసి పోతుంది. ఎవరూ నాటని మొక్క కనిపిస్తే పీకకు. పిట్ట వేసిన మొక్కని మూడు వానలు చూడాలని మీ అమ్మ నియమం. అదేమిటో, ఎవరికి పనికొస్తుందో తేలాకే ఉంచడమో తీయడమో. మన తోటలో మేడిచెట్టు అలా వచ్చిందే, నారింజ చెట్లలో సగం అలా వచ్చినవే.

టేపు మేస్త్రి వస్తాడు. మెడలో కొలత టేపు వేసుకుని తిరిగే, కలప కొనే ఆయనే. పై తోట నీ వాటా, ఆ మాన్లు అమ్మడమో మానడమో నీ నిర్ణయం. వానలయ్యాక చెబుతానన్నావు, నేను ఆ ఊసే ఎత్తను. ఈ ఫ్లాటు యజమాని ఏడాది చివరికి ఖాళీ చేయమన్నాడనీ, ఉద్యోగమంతా క్వార్టర్లలో గడిపినదానివి నీకంటూ ఒక ఇల్లు కావాలనీ నాకు తెలుసు. అందుకే ఎత్తను. అయినా ఎత్తేశాను చూడు.

టీ పొంగింది. ఉంటాను.

నీ వదిన

జూన్ 18

వదినా,

క్షేమంగానే ఉన్నాను, కానీ నువ్వు ఇన్నేళ్ళు ఎలా క్షేమంగా ఉన్నావో తెలియడం లేదు. అది తోటా, అడవా? ఇంటి మెట్టు దిగితే మడమ దాకా కుళ్ళిన ఆకు. అరటి గెల కోసిన బోదెలు నరికిన చోటే పడి నల్లగా నాని ఉన్నాయి. కోకో డిప్పలు కుప్పలు కుప్పలు. ఒక కుప్ప మీద కాలు వేస్తే దాని లోంచి కప్ప ఎగిరి నా చీర కుచ్చిళ్ళలో దూరింది. ప్రసూతి వార్డు నడిపిన మనిషిని వదినా. మురికి ఏం చేస్తుందో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఒక చెయ్యి కడగని మనిషి ఎంత పని చేయగలదో చూశాను.

అందుకని నిన్నటితో పని పూర్తి చేయించాను. ఇద్దరు ఆడవాళ్ళని పెట్టి కింది తోటంతా ఊడిపించాను. ఆకు కాల్పించాను. బోదెలూ డిప్పలూ లాగించి గోతిలో పూడ్పించాను. చెట్ల మధ్య పిచ్చిమొక్కలు పీకించాను, నీ పిట్టగారు ఏవి వేశారో, గాలిగారు ఏవి వేశారో నాకెలా తెలుస్తుంది? పై తోట ఏటవాలుగా ఉందని వాళ్ళు ఎక్కలేమన్నారు. పోనీలే అన్నాను. ఇప్పుడు నీ నేల మీద విస్తరి వేసుకుని తినొచ్చు.

టేపు మేస్త్రి వచ్చాడు. ‘ఇప్పుడు మాను మొదళ్ళు కనిపిస్తున్నాయమ్మా, కొలవడానికి హాయి’ అని మెచ్చుకున్నాడు. మంచినీళ్ళిచ్చి పంపాను.

అన్నయ్యని కసరత్తు మానొద్దను. మూలిగినా జాలిపడకు, చిన్నప్పుడు ముల్లు గుచ్చుకుంటే ఊరంతా వినిపించేలా ఏడ్చేవాడు.

ఒంట్లో ప్రతి కీలూ నొప్పి పుడుతున్న
నీ ఆడపడుచు

జూన్ 26

అమ్మడూ,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు కలం పట్టలేదు. మీ అన్నయ్య ‘రాయకు, రాస్తే గొడవవుతుంది’ అంటున్నారు. ఈయనకి గొడవంటే ముల్లు గుచ్చుకున్నట్టే. నేను రాస్తున్నాను.

చుట్టాలొస్తున్నారంటేనే ఇల్లు సర్దుతారు ఎవరైనా. కొలిచేవాడికి కొలవడానికి హాయిగా ఉండాలని ఊడ్చావని నువ్వు రాయలేదు. కానీ వాడి మెచ్చుకోలు మాత్రం రాశావు. అమ్మదలచుకుంటే అమ్ము, నీ సొత్తు. నన్ను ముందుగా సిద్ధం చేయడానికి కింది తోట ఊడవనక్కర్లేదు.

ఒక్క మాట విను. పై తోటలో మాన్లు నిలబడ్డాయి కాబట్టే కింద నీడ, నీడ ఉంది కాబట్టే కోకో. మధ్యాహ్నం గాలి పైనుంచి చల్లగా దిగుతుంది చూడు, అదీ వాటిదే. గోరింకలూ చిలకలూ వడ్రంగి పిట్టలూ రాత్రి అక్కడ ఉంటాయి, పగలు మన పురుగులు ఏరుకు తింటాయి. నేను మందు కొట్టిన రోజు లేదు. అవతలి వాలు మీద వాళ్ళు మాన్లన్నీ కొట్టేసి ఒకే పంట వేశారు కదా. మొదటి రెండేళ్ళు పచ్చగా ఉంది, ఇప్పుడు నెలకోసారి ముక్కుకి గుడ్డ కట్టుకుని మందు కొడుతున్నారు. పిట్ట అరుపు లేదు అక్కడ. కూర్చున్న కొమ్మ నరుక్కోవడమంటే అదే.

నాకిక్కడ పిచ్చెక్కుతోంది. తోచక కూరగాయ తొక్కలన్నీ బాల్కనీలో బకెట్లో వేసి మాగబెడుతున్నాను. కింది ఆవిడ ముక్కు పట్టుకుని మళ్ళీ వచ్చింది. ‘ఎరువు’ అన్నాను. ‘దేనికి’ అంది. నిజమే, దేనికో నాకూ తెలియలేదు.

నీ వదిన

జూలై 3

వదినా,

అర్ధమొగుడన్నావు. ఇక్కడికొచ్చాక అర్ధ పనిమనిషినయ్యాను, ఇప్పుడు పూర్తి దొంగనయ్యానన్నమాట.

నేను వాడి కోసం ఊడ్వలేదు. నీకోసం ఊడ్చాను. నువ్వు తిరిగొచ్చి చూసి ‘అబ్బా, ఎంత బాగుందే’ అంటావనుకున్నాను, అంత వెర్రిదాన్ని. అనుమానం పెట్టుకున్నాక నేనేం చేసినా అందులోనే పడుతుంది కదా. కాబట్టి నీ అనుమానం నిజం చేశాను. మొన్న మేస్త్రి వస్తే పై తోట ఇస్తానని చెప్పేశాను. వాన తగ్గాక మనుషుల్ని తెస్తానన్నాడు. ఇక ఆ ఊసు ఎత్తాలా వద్దా అని నువ్వు అవస్థ పడక్కర్లేదు.

ఇంకో సంగతి. ఇది కోపంతో రాయడం లేదు, భయంతో రాస్తున్నాను. కోకో మాన్ల నిండా పూత ఉంది, చిన్న చిన్న తెల్లపూలు బెరడుకే అంటుకుని. పొద్దున లేచి చూస్తే కింద రాలి ఉంటున్నాయి. మళ్ళీ పూస్తాయి, మళ్ళీ రాలతాయి. ఒక్క పిందె లేదు. నీళ్ళకి లోటు లేదు, వాన పడుతూనే ఉంది. నేనేం చేశాను వదినా? చెట్టు చెట్టుకీ వెళ్ళి చూసి వస్తున్నాను, కూర్చోలేకపోతున్నాను.

నీ ఆడపడుచు

జూలై 10

అమ్మడూ,

పిందె లేదా? ఒక్క చెట్టుకీ లేదా? ఇంటి వెనక రెండు పాత చెట్లున్నాయి, వాటికీ లేదా? కొన్ని పూలు ప్రతి ఏడూ రాలతాయి, అన్నీ రాలడం నేను ఎప్పుడూ చూడలేదు. ఏమైనా మందు చల్లించావా? చల్లిస్తే చెప్పు, తిట్టను.

ఊడవడం వల్లేనా అంటే నాకు తెలియదు. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు నేనూ చీపురు పట్టుకున్నాను, మీ అమ్మ లాక్కుంది. ఎందుకని అడిగితే ‘మా అత్తగారు ఊడవలేదు, నేను ఊడవలేదు, నువ్వూ ఊడవకు’ అంది. అంతకంటే ఏం చెప్పలేదు. బద్ధకానికి ఇంత గౌరవమైన కారణం దొరికిందని సంతోషించి నేను మానేశాను. అంతకు మించి నా దగ్గర తెలివి లేదు. కింద ఏదో ఉండేది, నువ్వు తీసేశావు, అంతే తెలుసు. కుదిరితే మళ్ళీ వేయించు.

ఇస్తానన్నావు కదా, మంచిది. నీ ఇష్టం. మీ అన్నయ్యా నేనూ ఒకటి అనుకుంటున్నాం. తేలాక రాస్తాం.

వదిన

జూలై 25

అమ్మడూ,

ఉత్తరం అందిందా? నీనుంచి జవాబు లేదు. కోపమొస్తే కోపమనే రాయి, రెండు ముక్కలు. మీ అన్నయ్య ఊతకర్రతో హాలు చివరిదాకా నడిచారు. నేను పోస్టు డబ్బా దాకా మెట్లు దిగి ఎక్కి, దిగి ఎక్కి, ఆయన కంటే ఎక్కువ కసరత్తు చేస్తున్నాను. పిందె పడిందా లేదా, ఆ ఒక్కటైనా రాయి.

వదిన

ఆగస్టు 8

వదినా,

ఆలస్యానికి కోప్పడు, కానీ ముందు చదువు. చెప్పడానికేదైనా ఉన్నప్పుడే రాయాలనుకున్నాను.

‘కింద ఏదో ఉండేది’ అన్నావు చూడు, ఆ మాట నన్ను పడుకోనివ్వలేదు. గోతులు తవ్వించాను. అరటి బోదెలు ముక్కలు చేయించి ప్రతి కోకో మొదట్లో వేయించాను. డిప్పలు చాలక పక్క తోటవాళ్ళని అడుక్కున్నాను, ‘మొన్న కాల్చారు, ఇప్పుడు అడుక్కుంటున్నారు’ అని నవ్వారు. ఆకు మాత్రం ఎక్కడా లేదు, అంతా నేనే కాల్పించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని వినడమే గాని, ఆ ఆకులైనా లేకపోవడం నాకే జరిగింది. ఊడవని చోటు ఒక్కటే మిగిలింది, పై తోట. గంప పట్టుకుని ఎక్కాను.

నా వాటా అని చెప్పుకోవడమే గాని, పెద్దదాన్నయ్యాక నేను అక్కడ అడుగుపెట్టలేదు వదినా. మోకాలు నొప్పితో మధ్యలో కూర్చుండిపోయాను, కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు. ఒక మేడిచెట్టు పండి ఉంది. పైకొమ్మల్లో చిలకలు, మధ్యలో ఉడుతలు, కింద రాలినవి తినడానికి అడవికోడి పిల్లలతో. ఎవరి బంతి వాళ్ళది, ఒకరినొకరు తోసుకోవడం లేదు. మా వార్డులో భోజనాల వేళ కూడా అంత క్రమం ఉండేది కాదు. ఒక మాను తొర్రలో తేనెటీగలు. ఇంకొక మానుకి పేరు తెలియని పూలు, వేరు మట్టిలో లేదు, కొమ్మ మీదే. ఆకు కింద చెయ్యి పెడితే వెచ్చగా తడిగా ఉంది. ఆ ఆకు గంపలకెత్తి రోజూ దించాను. పనివాళ్ళని ఎక్కమంటే సిగ్గేసి నేనే మోశాను.

తరవాత ముక్కాలి పీట వేసుకుని కోకో దగ్గర కూర్చున్నాను, కుట్లు వేసేటప్పుడు పెట్టుకునే కళ్ళద్దాలు పెట్టుకుని. కొన్ని ఉదయాలు ఏమీ కనిపించలేదు. ఒకరోజు కుళ్ళిన బోదె ముక్క లోంచి నలుసు లేచింది. ధూళి అనుకున్నాను, గాలి లేకుండా ధూళి పైకి ఎగరదు కదా. ఈగ, వదినా, ఆవగింజంత కూడా ఉండదు. ఎగిరి పోయి పూవులో దూరింది. బయటికొచ్చి ఇంకో పూవులో దూరింది. దాని వెనక ఇంకోటి. తేనెటీగ దూరలేని పూవది, ఈ నలుసే దూరగలదు. పుట్టడం ఆ కుళ్ళులో, చేయడం ఈ పని. నేను మురికని పూడ్పించింది ఏమిటో తెలిసిందా? పురుటి గది. జీవితమంతా పురుళ్ళు పోసిన చేత్తో నేనే పూడ్పించాను. పీట మీద కూర్చుని ఏడ్చాను.

ఇంటి వెనక పాత చెట్టుకి నాలుగు పిందెలు నిలిచాయి. గోరంత ఉన్నాయి. ఈ ఏడు పంట పోయినట్టే, కానీ తోట పోలేదు.

టేపు మేస్త్రి దుకాణానికి వెళ్ళి పై తోట ఇవ్వనని చెప్పొచ్చాను. ‘మాట ఇచ్చి తప్పుతారా’ అన్నాడు, తప్పుతానన్నాను. నా ఇంటి సంగతి నేను చూసుకుంటాను. ఎక్కడో ఒక గది అద్దెకు దొరక్కపోదు.

పిందెలు లెక్కపెడుతూ,
నీ ఆడపడుచు

ఆగస్టు 9

అమ్మడూ,

నీ నుంచి ఉత్తరం రాదని తేలిపోయింది. అందుకని మేమే తేల్చుకున్నాం.

పై తోట పోతే కింది తోట ఎలాగూ నిలవదు. కింది తోట పోయినా పైది నిలుస్తుంది, ఎప్పటికైనా పిట్టలు మళ్ళీ విత్తనాలు దించుతాయి. మేస్త్రి అన్నకి ఈ ఊళ్ళోనే కలప డిపో ఉంది. మీ అన్నయ్య ఆటోలో వెళ్ళి సంతకం చేసొచ్చారు. నీ మాన్లకి బదులు మా వాటాలో ఇంటి చుట్టూ ఉన్న మాన్లు తీసుకుంటారు: పనస, రెండు బూరుగులు, బావి దగ్గరవి. చదునైన జాగా వస్తుంది. అందులో నీకు ఇల్లు. ఆ కలపకి వచ్చినదంతా ఆ ఇంటికే. ఇక నువ్వు పై తోట ముట్టుకోనక్కర్లేదు.

కాదనకు. సంతకం చేసి వచ్చి మీ అన్నయ్య అన్నం తినలేదు. ఆ పనస కింద ఆయన నడక నేర్చుకున్నారట. నాకు ఆ ఇంటికొచ్చిన మొదటి వేసవి దాని నీడలోనే గడిచింది. అయినా ఫరవాలేదు. నీకంటూ ఒక తలుపు ఉండాలి.

వదిన

ఆగస్టు 18

వదినా,

నిన్న పొద్దున లారీ వచ్చింది. వచ్చినవాళ్ళు అన్నయ్య సంతకం ఉన్న కాగితం చూపించారు. నా మీద కోపంతో చేశావనుకున్నాను. నేను పై తోట ఇస్తానన్నందుకు, మీది మీరు కొట్టేసుకుంటున్నారనుకున్నాను. మీ చెట్టు, మీ హక్కు అనుకుని వసారాలో నిలబడ్డాను. రంపం మోత మధ్యాహ్నం దాకా. పనస పడింది. పడ్డప్పుడు ఇంటి గోడ వణికింది, వంటింట్లో గిన్నెలు మోగాయి. దాని మీద ఉన్న గోరింకలు చాలాసేపు ఆ ఖాళీలోనే తిరిగాయి.

అప్పుడొచ్చాడు పోస్టుమాన్, నీ తొమ్మిదో తేదీ ఉత్తరంతో. రంపపు పొట్టు మీద నిలబడి చదివాను.

ఆ తరవాత బూరుగు దగ్గరికెళ్ళి దానికి ఆనుకుని నిలబడ్డాను. ‘నాకోసం ఇస్తున్నారు, నాకొద్దంటున్నాను’ అన్నాను. మేస్త్రి, ‘మీ అన్నగారి సంతకమమ్మా, ఆయన రాసిస్తే మానేస్తాం, మీరు చెబితే కుదరదు’ అన్నాడు. చెడ్డవాడేం కాదు. అంతలో వాన దంచింది. దారి ఆరాక వస్తామని పనస దుంగలు వదిలేసి పోయారు.

ఈ రోజు తెరిపిచ్చింది. పనస ఉన్న చోట ఎండ తిన్నగా కోకో మీద పడుతోంది, ఆకులు వాలిపోయాయి. నా డ్యూటీ చీరలు తెచ్చుకున్నాను కదా, తెల్లవి. అన్నీ తీసి కర్రలకి కట్టి పందిరి వేశాను. అవతలి వాలు మీది వాళ్ళు ఆగి చూస్తున్నారు, ఇక్కడేదో శుభకార్యమనుకుంటున్నారు. దారి ఆరుతోంది వదినా. గంటకోసారి వెళ్ళి మడమతో తొక్కి చూస్తున్నాను. అన్నయ్యతో రద్దు కాగితం రాయించి వెంటనే పంపు.

ఇంకొకటి కూడా రాస్తాను, రాయకపోతే ఈ అశాంతి తీరదు. నాకు ఇల్లు అక్కర్లేదు. మీ ఇంట్లో ఒక గది కావాలి. మొదటి రోజు నుంచీ అదే కావాలి. ఉండమని నువ్వు అంటావేమోనని చూశాను, నువ్వనలేదు. అడగడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. నేను పై తోట కొట్టించడానికి ఒప్పుకున్నాను, మీరు కింది తోట కొట్టించడానికి సంతకం పెట్టారు. ఆ ఒక్క ముక్క మాత్రం ఎవరమూ అడగలేదు.

నీ ఆడపడుచు

ఆగస్టు 24

అమ్మడూ,

నీ ఎనిమిదో తేదీ ఉత్తరం అందిన పూటే డిపోకి పరిగెత్తాను. మనుషులు బయలుదేరిపోయారన్నారు. బతిమాలాను, తిట్టాను, రోజూ వెళ్ళి కూర్చున్నాను. నీ పద్దెనిమిదో తేదీ ఉత్తరం చూపించాక ఇవాళ, పనస దుంగలు తీసుకుని మిగతాది వదిలేయడానికి ఒప్పుకున్నారు. రద్దు కాగితం మీ అన్నయ్య రాశారు. దీంతోనే ఉంది. మేస్త్రి వస్తే చూపించు. ముందే వచ్చి ఉంటే నాకు రాయకు, వచ్చి చూస్తాను.

ఉండమని నేనెందుకు అనలేదని అడిగావు. అది నీ పుట్టిల్లు. కోడలుగా వచ్చినదాన్ని, ఆ ఇంటి పిల్లని పట్టుకుని ‘ఉండు’ అని నేను అనడమేమిటి, నీ ఇల్లు నీకు నేను ఇస్తున్నట్టు? నువ్వు వస్తావని ఎదురుచూశాను. ఇల్లు కొనుక్కుంటానంటే, మాతో ఉండడం నీకు ఇష్టం లేదనుకున్నాను. పిలవాల్సినంత పరాయిదానివి అయ్యావని నాకెవరు చెప్పారు?

ఇప్పుడంటున్నాను. ఉండు. తూర్పు గది నీది.

డాక్టరు ఇంకో నెల ఆగమన్నాడు. నెలకి సరిపడా కసరత్తులు మీ అన్నయ్య నేర్చేసుకున్నారు. సెప్టెంబరు మూడో తేదీ బస్సుకి బయలుదేరుతున్నాం. వాన పడుతుంటే రోడ్డు మలుపు దాకా గొడుగు తీసుకుని రా. ఊతకర్ర పట్టుకున్నవాళ్ళు గొడుగు పట్టుకోలేరు, నాకేమో రెండు చేతుల్లోనూ సామాను ఉంటుంది.

వదిన